మిగిలిన ఒక్క లోయ

గ్రీసు టేపులో సగానికి పైగా చెత్తేనని డాక్టర్ హెల్విగ్ ప్రకటించినప్పుడు ఒర్నెల్లా బ్రూసా నోట్లో బిస్కట్టు ఉంది. బాదంపప్పు వేసిన గట్టి బిస్కట్టు, సరస్సు అవతలి ఒడ్డున బేకరీవాడు చేసేది. ఆమే కొని తెచ్చి పళ్ళెంలో సర్ది బల్ల మధ్య పెట్టింది. అతిథులు వస్తే బిస్కట్లు తేవడం గ్రంథాలయం పని అని ఈ ఇటలీ కేంద్రంలో ఏనాడు ఎవరు తేల్చారో తెలియదు గానీ, ఆ పని మాత్రం గ్రంథాలయం చూసుకునే ఆమె నెత్తినే పడింది.

"చెత్త అన్న మాట వెనక్కి తీసుకుంటాను," అన్నాడు హెల్విగ్. అతను జర్మను కేంద్రానికి పెద్ద, ఈ పథకానికీ పెద్దే. "డూప్లికేట్లు అంటాను. ఒకే రిపోర్టుని పదేసి సార్లు ఎక్కించారు. యంత్రం పట్టుకుంది. యంత్రానికి గ్రీసు అంటే కోపం లేదు."

పథకం చూడ్డానికి చక్కనిదే. ఉపగ్రహాల నుంచీ విమానాల నుంచీ తీసిన చిత్రాలతో నేలనీ నీళ్ళనీ చదివే రిమోట్ సెన్సింగ్ వాళ్ళు యూరప్‌లో ఏ మూల ఏ వ్యాసం రాసినా, ఏ రిపోర్టు వేసినా, అది ఒక్క సూచిలో దొరకాలి. లిస్బన్‌లో కూర్చున్నవాడికి ఫిన్లండు అడవుల మీద ఎవరేం రాశారో క్షణంలో తెలియాలి. అందుకోసం ఒక్కో దేశపు కేంద్రం తన నమోదులన్నిటినీ టేపు చుట్టలకెక్కించి ఈ సరస్సు ఒడ్డుకి పంపింది. కింది అంతస్తులో కంప్యూటరు వాటిని కలుపుతుంది. పై అంతస్తులో మనుషులు కొట్టుకుంటారు. ఎవరి నమోదులు ఎక్కువైతే సూచిని నడిపే సంఘంలో వాళ్ళకి అన్ని ఎక్కువ కుర్చీలు, మరి.

బల్ల చివర కూర్చున్న స్తమాతిస్ లేచాడు. గ్రీసు కేంద్రం తరఫున థెస్సలోనికి నుంచి రైళ్ళు మారుతూ వచ్చిన మనిషి, కోటు ఇంకా నలిగే ఉంది.

"అవి డూప్లికేట్లు కావండీ. మంటల్లో కాలిన కొండల సర్వే అది. దీవికో రిపోర్టు."

"దీవికొకటా?" ఫ్రెంచి కేంద్రం నుంచి వచ్చిన మదాం కెర్బ్రా కళ్ళజోడు కిందికి దించింది. "మీకెన్ని దీవులున్నాయో మీకైనా లెక్క తెలుసా?"

ఒర్నెల్లాకి నోరు ఊరుకోలేదు. "ఒకే గొర్రెని దొడ్డి చుట్టూ తిప్పి, ఇదిగో మా మంద అని చూపించినట్టుంది."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. హెల్విగ్ కూడా నవ్వాడు. అతను నవ్వడం ఎవరూ ఎరగరు, అందుకని ఒర్నెల్లాకి ఇంకాస్త హుషారొచ్చింది. ఆమెకి స్తమాతిస్ అంటే పడదు. ఏడాదికి రెండు మూడు సార్లు అతని దగ్గర్నుంచి కార్డొస్తుంది. మీరు రాసిన సారాంశంలో ఫలానా నది ఎడమ గట్టు అన్నారు, రిపోర్టులో కుడి గట్టు అని ఉంది, దయచేసి సరిచూసుకోండి అని. సరిచూసుకున్న ప్రతిసారీ అతను చెప్పిందే నిజమయ్యేది. అదే ఆమెకి మంట.

"గ్రీసు కేంద్రాన్ని బల్ల నుంచి తప్పించి పరిశీలకుడి హోదా ఇద్దాం," అన్నాడు హెల్విగ్. "నియమం మీకు తెలిసిందే. ఎవరి సంగతి తేలుస్తున్నామో ఆ కేంద్రం తప్ప, బల్ల దగ్గరున్న అందరూ చెయ్యెత్తితేనే ఏదైనా సాగుతుంది. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది."

కెర్బ్రా చెయ్యెత్తింది. డచ్చివాళ్ళెత్తారు, పోర్చుగీసువాళ్ళెత్తారు. ఒర్నెల్లా బిస్కట్టు నములుతూ, రెండో చేత్తో ఒళ్ళోని పొడి దులుపుకుంటూ ఎత్తింది. ఆమెదే చివరి చెయ్యి.

పరిశీలకుల కుర్చీలు గోడవారగా ఉన్నాయి. స్తమాతిస్ తన పేరున్న పలకని తనే తీసి కిటికీ గట్టు మీద బోర్లించి, సంచీ పట్టుకుని వెళ్ళి గోడ దగ్గర కూర్చున్నాడు. కిటికీ బయట నవంబరు మంచు సరస్సుని పూర్తిగా కప్పేసింది. ఎవరూ అటు చూడలేదు. అజెండాలో తరవాతి అంశానికి వెళ్ళారు.

మర్నాడు, మంగళవారం, ఇటలీ టేపు వంతు.

ఒర్నెల్లా ఆ ఉదయం మంచి బ్లౌజు వేసుకొచ్చింది. ఆమె సేకరణలో సగం పుస్తకాల షాపుల్లో దొరికేది కాదు. జిల్లా కార్యాలయాలు, అటవీ శాఖలు, ఆనకట్టల వాళ్ళు ఏవో నాలుగు కాపీలు వేయించి అల్మరాలో పడేసే రిపోర్టులవి. వాటి కోసం ఆమె ఫోన్లు చేసింది, బతిమాలింది, బస్సెక్కి వెళ్ళి గుమాస్తాల ముందు నిలబడి తెచ్చుకుంది. ప్రతి దాన్నీ చదివి సారాంశం రాసింది. ఇవాళ అవన్నీ యూరప్ మొత్తానికి కనిపిస్తాయి.

కింది నుంచి ఆపరేటరు మోసుకొచ్చిన ప్రింటవుటు, అంచులకి చిల్లులున్న మడతల కాగితం, ఆమె అనుకున్నంత లావుగా లేదు. హెల్విగ్ మొదటి పేజీ చూసి పెదవి విరిచాడు.

"సిన్యోరా బ్రూసా, మీ కొండల రిపోర్టులు దాదాపు అన్నీ డూప్లికేట్లే. యంత్రం తీసేసింది."

"అలా ఎలా అవుతాయండీ?"

"నిన్న గ్రీసువాళ్ళకి ఎలా అయ్యాయో అలాగే. నేను ఇంకేమీ అనను. మనం అతిథులుగా ఉన్న ఇల్లు కదా."

ఏమీ అనను అంటూనే అనాల్సిందంతా అన్నాడు. ఆమె చెవులు వేడెక్కాయి. గోడ దగ్గర స్తమాతిస్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆమె వైపే చూస్తున్నాడు, తృప్తిగా.

కాఫీ యంత్రం దగ్గర కెర్బ్రా నాణెం వేసి బొత్తాం నొక్కింది. కప్పు నిండేదాకా ఊరుకుని, తీరిగ్గా ఇటు తిరిగింది. "మీ ఇటలీలో కూడా గొర్రెలు బాగానే తిరుగుతాయన్నమాట, దొడ్డి చుట్టూ."

"నేను దొంగ లెక్కలు రాసే మనిషిని కాదు మేడమ్."

"స్తమాతిస్ కూడా నిన్న అదే అన్నాడు. పంచదార ఎక్కువేశాను, ఛీ."

సాయంత్రం డైరెక్టరు పెరేగో కబురంపాడు. ఆయన్ని కేంద్రంలో అందరూ ఇంజనీరు గారనే పిలుస్తారు. ఆయన కుర్చీ చూపించలేదు.

"పరువు తీశావమ్మా. మన ఇంట్లో, మన బల్ల దగ్గర."

"ఇంజనీరు గారూ, ఎక్కడో పొరపాటు జరిగింది. నేను చూస్తాను."

"చూడు. కానీ ఒక మాట విను. ఇక మీదట కేంద్రం ఉమ్మడి సూచికి పనికొచ్చే గదుల్నే ఉంచుతుంది. గురువారం సంతకాలయ్యే కాగితంలో నీ రిపోర్టులు లేకపోతే, కొత్త సంవత్సరం నుంచి నీ గది టేపుల గిడ్డంగి. ఆ కాగితాలు కాగితం మిల్లుకి. నా చేతిలో లేదు."

ఆయన చేతిలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె తలుపు నెమ్మదిగానే వేసి వచ్చింది, ఒళ్ళు మండిపోతున్నా.

బుధవారం పొద్దున్నే ఆమె తన గదిలో కూర్చుని, ఒక పక్క తను పంపిన నమోదుల పాత ప్రింటవుటు, ఇంకో పక్క యంత్రం కలిపాక వచ్చిన కొత్తది పరిచింది. స్కేలు పెట్టి ఒక్కో వరుసా దించుకుంటూ, పోయినవాటికి పెన్సిల్‌తో గీత పెట్టింది. ఆపైన లేచి బీరువాలోంచి ఆ రిపోర్టుల్నే దించి బల్ల మీద వరసగా పేర్చింది.

కొండవాలుల సర్వేలో సెర్కా లోయ పోయింది. లాన్యా లోయ పోయింది. ఫ్రెసేరా లోయ రిపోర్టు చేతిలోకి తీసుకుని అట్ట మీది దుమ్ము తుడిచింది. అది చదివిన మీదటే అక్కడి మేయరు బడిని వాలు కింది నుంచి మార్పించాడు. మరుసటి చలికాలంలో ఆ వాలు సగం జారిపోయింది. అదీ పోయింది. అన్నిటికీ కలిపి మిగిలింది ఒక్క వెర్దాస్కా లోయ.

వెర్దాస్కానే ఎందుకు మిగలాలి? ఆమె నమోదు తీసి చూసింది. ఆ ఏడు ఆఫీసులో పని తక్కువగా ఉన్న రోజుల్లో, ఆ ఒక్క రిపోర్టుకీ తీరిగ్గా పొడుగాటి సారాంశం రాసింది. యంత్రం రెండు నమోదులు ఒకటే అనుకుంటే, ఎక్కువ నిండుగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తుంది. సరే. కానీ అసలు ఒకటే అని ఎందుకనుకుంది?

అట్టలన్నీ పక్కపక్కనే ఉన్నాయి. అన్నిటి మీదా పైన పెద్ద అక్షరాల్లో ఒకే మాటలు, 'ప్రాంతీయ ప్రభుత్వం, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కొండవాలుల స్థిరత్వ పరిశీలన'. ఆ కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో లోయ పేరు. ఖర్చు పెట్టిన ప్రభుత్వం పేరు ముందుండకపోతే ఇక్కడ ఏ కాగితమూ అచ్చుకి పోదు. అట్ట మీద ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే శీర్షిక ఎక్కించాలని ఆమెకి నేర్పారు, ఆమె అలాగే ఎక్కించింది. హెల్విగ్ ఊళ్ళో ఆ పద్ధతి లేదు. వాళ్ళు ఊరి పేరు, విషయం ముందు రాసి, పథకం పేరుని విడిగా మరో గడిలో పెడతారు. అతను యంత్రానికి శీర్షికలో మొదటి కొన్ని మాటలూ, సంవత్సరమూ, కార్యాలయం పేరూ చూస్తే చాలని నేర్పాడు. మూడూ కలిస్తే ఒకటే రిపోర్టు. యంత్రం ఏ లోయ పేరు దాకా ఎప్పుడూ పోనేలేదు.

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే కోపమొచ్చింది. అట్టల్ని చంకలో పెట్టుకుని కిందికి దిగింది.

హెల్విగ్ కంప్యూటరు గది పక్కన అద్దాల గదిలో ఉన్నాడు. ఆమె అట్టలు పరిచి చూపిస్తుంటే చివరిదాకా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడిచాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

మొదట అడిగింది అదే. పొరపాటు అనలేదు, క్షమించండి అనలేదు.

"ఇంకా లేదు."

"మంచిది. మీ నమోదులన్నీ ఇవాళే చేత్తో తిరిగి ఎక్కించేయిస్తాను. రేపటి కాగితంలో మీ అంకె సరిగ్గా ఉంటుంది. మీటింగులో మాత్రం ఎత్తకండి. పథకానికి డబ్బిచ్చే బ్రస్సెల్స్‌కి వెళ్ళాల్సిన కాగితం టైపైపోయింది. ఇప్పుడు అన్ని టేపులూ మొదట్నుంచి తిప్పాలంటే వసంతకాలం దాకా పడుతుంది. అప్పటికి ఈ పథకం ఉంటుందో లేదో."

"మరి గ్రీసువాళ్ళవి?"

"అది సోమవారమే ముగిసింది. మీరందరూ చెయ్యెత్తారు."

ఆమె అట్టలు సర్దుకుంది. సరేనంది. మెట్లెక్కుతుంటే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. గది ఉంటుంది, రిపోర్టులుంటాయి, ఫ్రెసేరా ఉంటుంది. ఆ గ్రీసు మనిషి సంగతి అతనే చూసుకుంటాడు, కార్డులు రాయడం వచ్చుగా.

క్యాంటీన్‌లో వడ్డించే పినూచ్చా పొలెంటా అనే మొక్కజొన్న సంకటి గరిటెతో తీసి ఆమె పళ్ళెంలో వేసింది. ఖాళీ బల్లలు చాలానే ఉన్నాయి. అయినా ఒర్నెల్లా వెళ్ళి స్తమాతిస్ ఎదురుగా కూర్చుంది. ఎందుకు కూర్చుందో అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

అతను తలెత్తలేదు. "దొరికిందా?"

"ఏది?"

"యంత్రం ఎక్కడ మింగుతోందో. పొద్దున్నుంచీ మీ గదిలో అట్టలు పరుచుకుని కూర్చున్నారుగా. తలుపు తీసే ఉంది."

ఆమె చేతిలో ఫోర్కు ఆగింది. "మీకు తెలుసా?"

"సోమవారం మధ్యాహ్నమే తెలిసింది. మా దీవులన్నీ పోయి థాసోస్ ఒక్కటే మిగిలింది. దానికే నేను పెద్ద సారాంశం రాశాను. మా ఆవిడది ఆ ఊరు లెండి."

"తెలిస్తే చెప్పొచ్చుగా? మంగళవారం నన్ను అంతమంది ముందు నిలబెట్టినప్పుడు గోడ దగ్గర కూర్చుని చూశారు."

"చూశాను. బాగుంది కూడా." అతను రొట్టె తుంచి పళ్ళెం తుడుచుకున్నాడు. "అబద్ధమెందుకు, మీ అట్టల మీద కూడా పెద్ద పేరు ముందుంటుందని నాకు తెలుసు. మీ సారాంశాలన్నీ చదివేవాణ్ణి నేనొక్కణ్ణేగా. మంగళవారం ఏమవుతుందో సోమవారమే తెలుసు. తెలిసే ఊరుకున్నా."

"మీరు మంచి మనిషి కారు."

"కాను. మీరు సోమవారం మంచిగా లేరు, నేను మంగళవారం లేను. సరిపోయింది."

"అందరూ ఎత్తారు. నేనొక్కదాన్నేనా?"

"మీది ఆఖరి చెయ్యి. అందరూ మీకోసం ఆగారు. ఒక్కరు కాదంటే ఆగిపోయేది." అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "కాదనకపోతే పోయారు, నోట్లో ఉన్నది మింగి ఎత్తినా బాగుండేది. నములుతూ ఎత్తారు."

అతను పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమ్మా, ముద్ద దిగట్లేదా ఇవాళ?" అని అరిచింది పినూచ్చా. ఒర్నెల్లా ఆకలి లేదంది. నిజంగానే చచ్చిపోయింది ఆకలి. అతని మీద ఒళ్ళు మండిపోతోంది, అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఆమెకి అర్థం కాలేదు.

గురువారం బల్ల మీద పువ్వులు పెట్టారు. పెరేగో కొత్త టై కట్టుకొచ్చి ఒర్నెల్లా పక్కన కూర్చున్నాడు, ఇటలీ తరఫున చెయ్యెత్తేది మాత్రం ఆమే. బిస్కట్ల పళ్ళెం ఈసారి కూడా నిండుగా ఉంది, అలవాటు కొద్దీ ఒర్నెల్లాయే తెచ్చింది. కాగితం ఆమె ముందుకొచ్చేసరికి మొదటి పేజీలో ఇటలీ అంకె మారి ఉంది. హెల్విగ్ మాట నిలబెట్టుకున్నాడు. కింద చిన్న అక్షరాల్లో, గ్రీసు కేంద్రం నమోదులు నాణ్యతా కారణాల వల్ల చేర్చలేదని ఉంది.

నాణ్యతా కారణాలు. కుడి గట్టుకీ ఎడమ గట్టుకీ తేడా ఉందని కార్డు రాసే మనిషికి.

"సంతకాలకి ముందు ఆనవాయితీగా చేతులు," అన్నాడు హెల్విగ్. "అభ్యంతరాలేమైనా?" అతను ఆమె వైపు చూడనే లేదు.

"నాదొకటుంది," అంది ఒర్నెల్లా.

పెరేగో మొహం మాడిపోయింది. ఆమె లేచి, ఉన్నదున్నట్టు చెప్పింది. అట్టల మీద పేర్లు, యంత్రం చూసే మాటలు, మిగిలిన ఒక్క లోయ, మిగిలిన ఒక్క దీవి.

కెర్బ్రా విసుగ్గా పెన్ను మూత పెట్టింది. "అబ్బా, ఇప్పుడెందుకివన్నీ? మావీ కొన్ని అలాగే పోతే ఆయన సోమవారం రాత్రే సర్దించారు. మీవి నిన్న సర్దించారు. ఇంకేం కావాలి మీకు?"

తనేమన్నదో కెర్బ్రాకి కాస్త ఆలస్యంగా తెలిసింది. కళ్ళజోడు సవరించుకుంటూ పువ్వుల్ని చూసింది.

"సోమవారం రాత్రే," అంది ఒర్నెల్లా. అంటే మంగళవారం ఇదే బల్ల దగ్గర ఆమెని నిలబెట్టినప్పుడు హెల్విగ్‌కి తెలుసు. ఇల్లు, అతిథులు, ఇంకేమీ అనను అంటూ నటించాడు. "అన్నీ తెలిసే నన్ను దొంగని చేశారా?"

"మీ టేపు సంగతి వేరు కావచ్చనుకున్నాను," అన్నాడు హెల్విగ్. అతని మెడ ఎర్రబడింది.

ఆమెకి ఇంక ఆ బల్ల దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. హ్యాండుబ్యాగు తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. స్తమాతిస్ పక్క కుర్చీలో అతని సంచీ ఉంది. ఆమె దాని ముందు నిలబడింది. పెరేగో పళ్ళ బిగువున, "ఒర్నెల్లా, వచ్చి నీ చోట్లో కూర్చో, నీ గది సంగతి మర్చిపోకు," అంటున్నాడు. ఆమె వినిపించుకోలేదు. స్తమాతిస్ సంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆమె కూర్చుంది. న్యాయం చేశాననిపించింది, కళ్ళు చెమర్చాయి కూడా.

హెల్విగ్ ఒక్క క్షణం చూసి గొంతు సవరించుకున్నాడు. "మంచిది. ఇటలీ కేంద్రం పరిశీలకుల వైపు వెళ్ళినట్టు రాసుకుందాం. బల్ల దగ్గరున్నవాళ్ళు చేతులెత్తండి."

డచ్చివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎత్తసాగారు.

స్తమాతిస్ ఆమె వైపు తిరగకుండానే గొంతు తగ్గించి అన్నాడు. "ఏం చేస్తున్నారిక్కడ?"

"మీతో కూర్చున్నాను."

"నన్ను ఓదార్చడానికా? నాకేం, మూడు రోజులుగా కూర్చున్నా, అలవాటైంది. ఇక్కడున్నవాళ్ళకి చెయ్యి లేదు. తెలీదా? లేచి వెళ్ళండి, వాళ్ళు దించకముందే."

ఆమె లేచింది. బ్యాగు అక్కడే వదిలేసింది. గోడ నుంచి బల్ల దాకా అంత దూరం ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అందరూ చూస్తుండగా తిరిగొచ్చి, తన పేరున్న పలక వెనక, తన కుర్చీలో కూర్చుంది. పెరేగో హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

"ఒప్పుకునేవాళ్ళు దించొచ్చు," అన్నాడు హెల్విగ్ తొందరగా. "కాదనేవాళ్ళు..."

ఒర్నెల్లా చెయ్యెత్తింది. అదొక్కటే లేచింది. పెరేగో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, తరవాత అందరూ చూస్తున్నారని వదిలేశాడు. హెల్విగ్ ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. చివరికి తన ముందున్న టైపు కాగితాల్ని ఒక్కొక్కటీ వెనక్కి లాక్కుని దొంతి పేర్చాడు. ఫోను ఎత్తి కిందికి మాట్లాడాడు. టేపులన్నీ మొదట్నుంచి తిప్పాలి, శీర్షిక చివరిదాకా చూడాలి, అవును, గ్రీసుదీ, అన్నాడు.

స్తమాతిస్ కృతజ్ఞత చెబుతాడని ఆమె అనుకోలేదు, అతను చెప్పలేదు. కొత్త సంవత్సరానికి తన గది ఉంటుందో లేదో ఆమెకి తెలియదు. కెర్బ్రా మాట మార్చడానికి బిస్కట్ల పళ్ళెం ఆమె వైపు జరిపింది. ఒర్నెల్లా ఎత్తిన చెయ్యి ఇంకా దించకుండానే, రెండో చేత్తో ఆ పళ్ళేన్ని పక్కకి నెట్టింది.